గొంతు నొప్పి తగ్గిన తర్వాత వచ్చిన వణుకుజ్వరం: ఆక్సిజన్ గిట్టని బాక్టీరియాపై చర్చ

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 21 ఏళ్లు, కర్నూలులోనే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. షుగరు లేదు, ఆయాసం లేదు, సిగరెట్టు అలవాటు లేదు. రోజూ తెల్లవారుజామున స్టేడియంలో పరుగెత్తి వచ్చాకే కాలేజీకి బయలుదేరే పిల్లవాడు. వాడు 19 రోజులు ఆసుపత్రిలో, అందులో 5 రోజులు ఐసీయూలో ఉండవలసి వచ్చింది కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మొదట మామూలు గొంతు నొప్పే వచ్చింది. మందుల దుకాణంలో ఇచ్చిన మూడు అజిత్రోమైసిన్ మాత్రలు మూడు రోజులు వేసుకున్నాడు, నొప్పి తగ్గింది, మేమూ దాన్ని మర్చిపోయాము. ఆరో రోజు రాత్రి పది గంటల వేళ చలి మొదలైంది. అమ్మ రెండు దుప్పట్లు, వాటిపైన బొంత కప్పినా మంచం కదిలేటట్టు వణికాడు, జ్వరం 104 దాటింది. పొద్దున లేచి మెడ కుడిపక్కన, దవడ కింది నుంచి కాలరు ఎముక దాకా నొప్పి అన్నాడు. దిండు సరిగా లేక మెడ పట్టేసి ఉంటుందనుకొని నేనే నువ్వుల నూనె కాచి రాశాను. రాస్తున్నప్పుడు చర్మం కింద ఒక తాడులాగా గట్టిగా నా వేళ్లకు తగిలింది. నరం బిగుసుకుందని అనుకున్నాను. ఆ స్పర్శ నాకు ఇప్పటికీ వేళ్లలోనే ఉంది.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాము. వైడాల్ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ అన్నారు. మరునాడు ప్లేట్‌లెట్లు 48 వేలకు పడిపోయేసరికి డెంగీ అన్నారు. మూడో రోజు ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలో పొడిచినట్టు నొప్పి మొదలైంది. అక్కడి నుంచి మరో ఆసుపత్రికి మార్చినప్పుడు రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ, అప్పటిదాకా ఎవరూ అడగని ఒక ప్రశ్న అడిగారు: "ఈ జ్వరానికి ముందు గొంతు నొప్పి ఏమైనా వచ్చిందా?" వెంటనే మెడకు డాప్లర్, అంటే రక్తనాళాల స్కానింగు తీయించారు. మెడలోని కుడి జుగ్యులర్ సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. సీటీలో రెండు ఊపిరితిత్తుల్లోనూ చిన్న చిన్న చీముగడ్డలు కనిపించాయి. నాలుగో రోజున రక్తం సీసాలో ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరం అనే, ఆక్సిజన్ గిట్టని బాక్టీరియా పెరిగిందని ల్యాబు వాళ్లు చెప్పారు. జబ్బు పేరు లెమియేర్ సిండ్రోమ్ అట.

వాడు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, కోలుకుంటున్నాడు. ఇంత ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి ఇది ఎలా వచ్చింది, మేము దేన్ని గమనించి ఉండవలసింది అనే రెండు ప్రశ్నలు నన్ను వదలడం లేదు. తెలిసినవారు దయచేసి రాయండి.

పాత స్టెతస్కోపు (కడప)

అమ్మా, మీ తమ్ముడు గట్టెక్కినందుకు ఎంతో సంతోషం. నేను ముప్పై ఏళ్లకు పైగా జనరల్ మెడిసిన్‌లో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. ఈ జబ్బును నా చేతులతో చూసింది రెండుసార్లే. మొదటిసారి నేను కూడా తప్పుదారిలోనే రెండు రోజులు పోగొట్టాను, అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

ఆంద్రే లెమియేర్ పారిస్‌లో పనిచేసిన వైద్యుడు. 1936లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆయన 20 మంది రోగుల వివరాలు రాశారు, వారిలో 18 మంది చనిపోయారు. అవి పెన్సిలిన్ ఇంకా వాడుకలోకి రాని రోజులు. 1940ల తర్వాత గొంతు నొప్పికి పెన్సిలిన్ ఇవ్వడం మామూలయ్యేసరికి ఈ జబ్బు బాగా తగ్గిపోయి, వైద్య విద్యార్థులు కూడా మరిచిపోయే స్థితికి వచ్చింది. మరిచిపోయిన జబ్బు అనే పేరు దానికి అలాగే పడింది.

ఈ బాక్టీరియా బయటి నుంచి వచ్చేది కాదు. మన గొంతులో, చిగుళ్ల సందుల్లో ఉండే జాతులలోనిదే. టాన్సిల్స్ వాచి, లోపలి పొర దెబ్బతిన్నప్పుడు అది లోతుకు దిగి, పక్కనే ఉన్న సిరలోకి చేరి, అక్కడ రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. ఆ గడ్డ నుంచి చీముతో కూడిన తునకలు విడివడి గుండె మీదుగా ఊపిరితిత్తులకు చేరుతాయి, కొందరిలో మోకాలు, తుంటి కీళ్లకు కూడా వెళ్తాయి. సాధారణంగా గొంతు నొప్పి వచ్చిన వారం రోజులలోపే ఇదంతా జరుగుతుంది. అప్పటికి గొంతు మామూలు స్థితికి వచ్చి ఉండవచ్చు కాబట్టి రోగి ఆ సంగతి చెప్పడు, డాక్టరూ అడగడు. మీ డాక్టరమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్నే మీ తమ్ముణ్ని కాపాడింది.

ప్లేట్‌లెట్ల గురించి కూడా చెప్పాలి. మన జిల్లాల్లో వర్షాకాలం తర్వాత ప్లేట్‌లెట్లు పడితే అందరికీ డెంగీయే తోస్తుంది. లెమియేర్‌లో కూడా ప్లేట్‌లెట్లు తగ్గడం మామూలే. తేడా తెల్లకణాల్లో తెలుస్తుంది. డెంగీలో అవి సాధారణంగా తగ్గుతాయి, ఇలాంటి చీము జబ్బులలో బాగా పెరుగుతాయి. మీ తమ్ముడి మొదటి రిపోర్టులో తెల్లకణాలు ఎంత ఉన్నాయో చూసి చెప్పగలరా? ఇక వైడాల్ సంగతి: టైఫాయిడ్ తరచుగా ఉండే మన ప్రాంతంలో ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్మి వైద్యం మొదలుపెట్టడం సరికాదని మాకు చదువుకునే రోజుల్లోనే చెప్పేవారు.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

డాక్టరు గారూ, మీరు అడిగాక ఫైలు తీసి చూశాను. మొదటి రోజు తెల్లకణాలు 19,400 ఉన్నాయి. ఆ అంకె కింద ఎవరో పెన్నుతో గీత కూడా గీశారు. గీత గీసినవారు దాని గురించి మాతో ఏమీ మాట్లాడలేదు.

రెండో సీసా (అనంతపురం)

నేను అనంతపురంలో ఒక మైక్రోబయాలజీ ప్రయోగశాలలో పనిచేస్తాను. రక్తం సీసా గురించి కొంత చెప్పాలనిపించింది.

బ్లడ్ కల్చర్ (రక్తంలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) అంటే ఒక సీసా అని చాలామంది అనుకుంటారు. సరైన పద్ధతిలో అయితే రెండు సీసాలు ఉంటాయి. ఒకటి ఆక్సిజన్‌లో పెరిగే బాక్టీరియాకు, రెండోది ఆక్సిజన్ లేనిచోట మాత్రమే పెరిగేవాటికి, అందుకే ఈ రెండోదాని మూత రంగు వేరుగా ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని చాలాచోట్ల మొదటి సీసా ఒక్కటే తీస్తారు. అందులో ఏమీ పెరగకపోతే "ఐదు రోజుల తర్వాత కూడా పెరుగుదల లేదు" అని రిపోర్టు వెళ్తుంది, రక్తంలో బాక్టీరియా లేదని అందరూ నిశ్చింతగా ఉంటారు. ఉన్నది పెరిగే అవకాశమే మనం ఇవ్వలేదన్న సంగతి ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు.

ఈ జాతి బాక్టీరియాకు మామూలు గాలి విషంతో సమానం. ఆక్సిజన్ నుంచి కణంలో పుట్టే హానికర పదార్థాలను విరగ్గొట్టే ఎంజైములు వీటిలో లేవు, ఉన్నా చాలా కొద్దిగా ఉంటాయి. అందుకే చీమును దూదిపుల్లతో అద్ది, అరగంట బల్ల మీద పెట్టి పంపితే మా దగ్గరకు వచ్చేసరికి అవి చనిపోయి ఉంటాయి. చీమును సిరంజితో లాగి, అందులోని గాలిని పూర్తిగా బయటికి తోసి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టకుండా వెంటనే పంపాలి. మేము దాన్ని ఆక్సిజన్ తీసేసిన జార్‌లో పెట్టి రెండు రోజులు తెరవకుండా ఉంచుతాము. ఆ రెండు రోజుల్లో బంధువులు రోజుకు నాలుగుసార్లు వచ్చి రిపోర్టు అడుగుతారు. వారి ఆత్రం నాకు అర్థమవుతుంది, కానీ జార్ మధ్యలో తెరిస్తే ఉన్నది కూడా పోతుంది.

ఒక మాట రోగి తరఫువారు కూడా గుర్తుంచుకోవచ్చు. గాయం నుంచి గానీ నోటి నుంచి గానీ భరించలేని కుళ్లు వాసన వస్తుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వాసన లేనంత మాత్రాన ఈ బాక్టీరియా లేదని కాదు, కానీ వాసన ఉంటే అది బలమైన ఆనవాలు.

మూడు మాత్రల పట్టీ (కర్నూలు)

నేను కర్నూలులో మందుల దుకాణం నడుపుతున్నాను. అక్కా, మీ తమ్ముడికి మాత్రలు ఇచ్చింది నా దుకాణం కాకపోవచ్చు, కానీ నేనైనా అవే ఇచ్చి ఉండేవాణ్ని అని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. గొంతు నొప్పి అని వచ్చినవారు పొద్దున పనికి పోవాలి, డాక్టరు ఫీజు పెట్టుకోలేమంటారు. రోజుకు ఒకటి చొప్పున మూడు రోజులు అనగానే సులువుగా ఉందని తీసుకుపోతారు. మాకు తెలియవలసింది ఒకటే: ఆ మాత్ర ఈ బాక్టీరియాపై పనిచేయదా?

పాత స్టెతస్కోపు (కడప)

మీ నిజాయతీకి నమస్కారం. ఫ్యూసోబాక్టీరియం అజిత్రోమైసిన్ తరగతి మందులకు సాధారణంగా లొంగదు. అంటే ఆ మాత్రలు ఆ పిల్లవాడికి హాని చేశాయని నేను అనడం లేదు, అతనికి అవసరమైన రక్షణ మాత్రం వాటి నుంచి దొరకలేదు. గొంతు నొప్పి దానంతట అదే తగ్గేదే కాబట్టి మాత్ర పనిచేసిందన్న భ్రమ కలిగింది. పెన్సిలిన్ తరగతి మందులకు ఇది ఎక్కువగా లొంగుతుంది. కొన్ని రకాలు పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తాయి కాబట్టి ముదిరిన జబ్బులో ఆ ఎంజైమును అడ్డుకునే జోడు మందును గానీ, మెట్రోనిడజోల్‌ను కలిపి గానీ, కార్బపెనెమ్‌లనే బలమైన యాంటీబయాటిక్‌లను గానీ వారాల తరబడి ఇస్తారు.

నల్లమల నీడ (కర్నూలు)

చర్చ ఉపయోగకరంగా ఉంది కానీ నాకు ఒక ఆందోళన ఉంది. నాకు కాలేజీ వయసు పిల్లలు ఇద్దరు, ఇద్దరికీ ఏడాదికి మూడు నాలుగు సార్లు గొంతు పట్టేస్తుంది. ఇది చదివిన ప్రతి తల్లీ మెడకు స్కానింగు కావాలని, పెద్ద యాంటీబయాటిక్ కావాలని పట్టుబడితే ఇంకో రకమైన నష్టం జరగదా?

పాత స్టెతస్కోపు (కడప)

తప్పకుండా జరుగుతుంది, ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలని ఎదురుచూస్తున్నాను. గొంతు నొప్పులలో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటికి ఏ యాంటీబయాటిక్కూ అక్కరలేదు. డెన్మార్క్‌లో దేశమంతటా లెక్క తీసినప్పుడు, 15 నుంచి 24 ఏళ్ల వయసువారిలో పది లక్షల మందికి ఏడాదికి సుమారు 14 మందిలో మాత్రమే లెమియేర్ కనిపించింది. మిగతా వయసులవారితో పోలిస్తే ఇదే ఎక్కువ, అయినా చాలా అరుదే.

కాబట్టి గొంతు నొప్పి వచ్చిందని కాకుండా, దాని నడక మారిందా అని చూడాలి. మామూలు గొంతు నొప్పి నాలుగైదు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, తగ్గాక తిరిగి రాదు. తగ్గినట్టే తగ్గి మంచం కదిలేంత వణుకుతో జ్వరం తిరగబెట్టినా, మెడకు ఒక పక్కన మాత్రమే నొప్పి, వాపు, గట్టిదనం కనిపించినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో సంగతి: నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరవలేకపోతుంటే, వేడి సంగటి ముద్ద నోట్లో పెట్టుకొని మాట్లాడినట్టు గొంతు మారితే, టాన్సిల్ పక్కన చీముగడ్డ కట్టిందేమో చూడాలి. యువకులలో ఆ చీముగడ్డకు కూడా ఇదే బాక్టీరియా తరచుగా కారణమవుతుంది.

నాపరాయి (ఎర్రగుంట్ల)

చర్చ గొంతు గురించి నడుస్తోంది, నాది గాయం సంగతి. అయినా ఆక్సిజన్ గిట్టని బాక్టీరియా అనే మాట చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా పెదనాన్న కొడుకు 24 ఏళ్లవాడు, నాపరాళ్ల క్వారీలో పనిచేసేవాడు. బండ జారి పిక్క మీద పడింది. క్వారీ గుంటలోని నీళ్లతోనే కడిగి, దగ్గరలోని ఒక క్లినిక్కుకు తీసుకెళ్తే, మట్టి పూర్తిగా తీయకుండానే దగ్గరదగ్గరగా కుట్లు వేసి కట్టు కట్టి పంపారు. ధనుర్వాతం సూది కూడా వేశారు కాబట్టి మేము నిశ్చింతగా ఉన్నాము. రెండో రోజు సాయంత్రం నుంచి కట్టు బిగుసుకుపోయింది, ఎవరైనా కోసేయండి అని కేకలు పెట్టాడు. పైకి చూస్తే వాపు తప్ప పెద్దగా ఏమీ లేదు, ఇంత చిన్న గాయానికి ఇంత నొప్పి ఏమిటని ఇంట్లో పెద్దవాళ్లు విసుక్కున్నారు కూడా. తెల్లవారేసరికి చర్మం రాగి రంగుకు తిరిగి నల్లటి నీటి పొక్కులు లేచాయి. నేను పిక్క మీద చెయ్యి పెట్టి నొక్కితే లోపల ఎండుటాకులు నలిగినట్టు చిటపటమని తగిలింది. పెద్దాసుపత్రికి చేరేసరికి గ్యాస్ గ్యాంగ్రీన్ అన్నారు. మోకాలి కింద కాలు తీసేయక తప్పలేదు. మనిషి దక్కాడు. సూది వేసినా ఇలా ఎందుకు జరిగిందో మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

రెండో సీసా (అనంతపురం)

అన్నా, చాలా బాధగా ఉంది. నాకు తెలిసినంతలో వివరిస్తాను. ధనుర్వాతం తెచ్చేది క్లాస్ట్రీడియం టెటానై, గ్యాస్ గ్యాంగ్రీన్‌కు ఎక్కువగా కారణమయ్యేది క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్. రెండూ ఒకే కుటుంబంలోవి, రెండింటి బీజాలూ మట్టిలోనే ఉంటాయి, కానీ వాటి విషాలు వేరు. సూది మొదటిదాని విషం నుంచి మాత్రమే కాపాడుతుంది. రెండోదానికి మనుషులకు వాడే టీకా లేదు. దానికి మందు గాయాన్ని శుభ్రం చేయడమే.

నలిగిన కండరానికి రక్తం అందదు, రక్తం అందనిచోట ఆక్సిజన్ ఉండదు. పైనుంచి కుట్లు వేసి మూసేస్తే బయటి గాలి కూడా తగలదు. మేము ప్రయోగశాలలో ఎంతో శ్రమపడి జార్‌లో తయారుచేసే వాతావరణమే ఆ పిక్కలో తయారైంది. అనుకూలమైనచోట ఈ బాక్టీరియా పది నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలదు, కాబట్టి ఒక రాత్రి ఆలస్యం చిన్న ఆలస్యం కాదు. నలిగి మట్టిపడిన గాయాన్ని బాగా కడిగి, చచ్చిన కండరాన్ని కోసి తీసేసి, కొన్ని రోజులు తెరిచి ఉంచి తర్వాత కుట్లు వేయడం అందుకే.

పాత స్టెతస్కోపు (కడప)

పై వివరణకు ఒక్కటే కలుపుతాను. పైకి కనిపించే గాయానికీ, రోగి చెప్పే నొప్పికీ పొంతన లేనప్పుడు రోగి మాటనే నమ్మాలి. ధైర్యంగా ఉండే క్వారీ కుర్రవాడు కేక పెట్టాడంటే కట్టు విప్పి చూడవలసిందే.

ధనుర్వాతం సంగతి కూడా మగపిల్లల తల్లిదండ్రులు గమనించాలి. మన ప్రభుత్వ టీకాల పట్టికలో 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) సూది ఉంది. ఆడవాళ్లకు గర్భిణులుగా ఉన్నప్పుడు మళ్లీ అందుతుంది. మగవాళ్లకు 16 దాటాక దెబ్బ తగిలితే తప్ప ఎవరూ గుర్తుచేయరు, ఆ 16 ఏళ్ల సూదిని వేయించుకోనివారు చాలామంది ఉంటారు. ఒకసారి ధనుర్వాతం వచ్చి బతికినవారికి కూడా ఆ జబ్బు వల్ల రక్షణ ఏర్పడదు, వారికీ టీకా వేయాలి.

జ్ఞానదంతం (ప్రొద్దుటూరు)

నేను దంతవైద్యురాలిని. గొంతు, గాయం రెండూ వచ్చాయి కాబట్టి పన్ను సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే జ్ఞానదంతాలు వచ్చేది సరిగ్గా 17 నుంచి 25 ఏళ్ల మధ్యనే.

కింది దవడలో చివరి రెండు దంతాల వేళ్లు, నాలుక కింద నేలలాగా పరుచుకొని ఉండే కండరం కంటే కిందికి దిగి ఉంటాయి. అక్కడ చీము పడితే అది నోట్లోకి కాకుండా దవడ కింది ఖాళీలోకి, అక్కడి నుంచి రెండు పక్కలకూ పాకుతుంది. దీన్ని 1836లో జర్మనీ వైద్యుడు లుడ్విగ్ వివరించారు, జబ్బుకు ఆయన పేరే ఉంది. గడ్డం కింద చెక్కలాగా గట్టిగా వాస్తుంది, నాలుక పైకి లేస్తుంది, ఉమ్ము మింగలేక చొంగ కారుతుంది. రోగి పడుకోలేక ముందుకు వంగి కూర్చుంటాడు. ఇందులో ప్రాణం తీసేది చీము కంటే ముందు ఊపిరి దారి మూసుకుపోవడం.

నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే మూడు నాలుగు రోజులు ఉప్పు మూటతో కాపడం పెట్టి, లవంగం నూనె రాసి, నొప్పి మాత్రలు మింగి వస్తారు. లవంగం నూనె నొప్పిని కొంచెం మరిపిస్తుందే తప్ప చీమును తగ్గించదు. చీము పడినచోటికి మందు కూడా సరిగా చేరదు, దాన్ని బయటికి తీయాలి, కారణమైన పన్నును చూడాలి. గడ్డం కింద రెండు పక్కలా వాపు ఉండి మింగడం కష్టమైతే నా వంటి క్లినిక్కులకు రాకండి, నేరుగా 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లండి.

మూడు మాత్రల పట్టీ (కర్నూలు)

అయితే గొంతు నొప్పికి గానీ పన్ను నొప్పికి గానీ మెట్రోనిడజోల్ కూడా కలిపి ఇవ్వమంటారా? విరేచనాలకు అది రోజూ మా దుకాణంలో పోయేదే.

పాత స్టెతస్కోపు (కడప)

వద్దు బాబూ. ఆ మందు కథ తెలిస్తే ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. అది 1950ల చివర ఆడవారిలో వచ్చే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కోసం వచ్చిన మందు. 1962లో ఇంగ్లండులో దాన్ని వాడిన ఒక స్త్రీకి అప్పటికే ఉన్న తీవ్రమైన చిగుళ్ల జబ్బు కూడా నయమైంది. అలా అనుకోకుండా ఆక్సిజన్ గిట్టని బాక్టీరియాపై దాని శక్తి బయటపడింది. ఆక్సిజన్ లేని కణంలోనే ఆ మందు తన పని చేసే రూపానికి మారి, బాక్టీరియా డీఎన్ఏను తెంచుతుంది. అందుకే ఆక్సిజన్‌తో బతికే మామూలు గొంతు బాక్టీరియాపై, వైరస్‌పై అది పనిచేయదు. ప్రతి గొంతు నొప్పికీ ఇస్తే నూటికి తొంభై తొమ్మిది మందికి వికారం, నోట్లో ఇనుము రుచి తప్ప ఏమీ మిగలవు. మీరు చేయగలిగిన మేలు ఇంకొకటి ఉంది. గొంతు మాత్రలు కొన్న కుర్రవాడు వారం తిరక్కుండా జ్వరం మాత్ర కోసం మళ్లీ మీ దుకాణానికే వస్తాడు. అతణ్ని మెడ నొప్పి ఉందా, వణుకు వచ్చిందా అని అడగండి. ఉందంటే మాత్ర ఇవ్వకుండా ఆసుపత్రికి పంపండి.

మూడు మాత్రల పట్టీ (కర్నూలు)

సరే సార్. మా దుకాణంలో పనిచేసే ఇద్దరు కుర్రవాళ్లకూ ఈ రెండు ప్రశ్నలూ చెప్పాను.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆరు వారాల మందుల కోర్సు పూర్తయి డాప్లర్ మళ్లీ తీశారు. ఊపిరితిత్తుల మచ్చలు చాలావరకు పోయాయి, కానీ కుడి సిర ఇంకా పూర్తిగా తెరుచుకోలేదన్నారు. రక్తం పలచబరిచే మాత్ర కొనసాగించాలా వద్దా అనే విషయంలో అక్కడి ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారు. వాడు మాత్రం స్టేడియానికి ఎప్పుడు వెళ్లవచ్చని రోజూ అడుగుతున్నాడు.

పాత స్టెతస్కోపు (కడప)

అమ్మా, ఆ ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారంటే అందులో తప్పేమీ లేదు. ఈ జబ్బులో ఆ మాత్ర అవసరమా కాదా అన్నది వైద్యలోకంలోనే ఇంకా తేలని విషయం, గడ్డ పెద్దదిగా ఉన్నా, మెదడు వైపు పాకుతున్నా ఎక్కువమంది ఇస్తారు. సిర తెరుచుకోకపోయినా భయపడకండి. ఎడమ పక్క సిర, చుట్టూ ఉన్న చిన్న సిరలు ఆ పనిని పంచుకుంటాయి, అలా మూసుకుపోయిన సిరతోనే మామూలుగా జీవించేవారు ఉన్నారు. రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటున్నన్నాళ్లు దెబ్బలు తగిలే ఆటలు వద్దు, నడక మొదలుపెట్టవచ్చునేమో మీ డాక్టరమ్మనే అడగండి. ఈలోగా జ్వరం తిరగబెట్టినా, మోకాలు గానీ తుంటి గానీ వాచినా, అపాయింట్‌మెంటు తేదీ కోసం ఆగకుండా ఆ రోజే తీసుకెళ్లండి, వెళ్లేటప్పుడు 19,400 అంకె ఉన్న ఆ పాత కాగితం కూడా చేతిలో పెట్టుకోండి.